క్యాన్సర్ విరాళాల వాక్‌కి వాలంటీర్‌గా వస్తున్నారా? ముందు ఇది చదవండి

విరాళాల టేబుల్ దగ్గర కూర్చున్న పది నిమిషాలకే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: “కార్డు ఉంటే గవర్నమెంటే ఉచితంగా చేస్తాంది కదప్పా, మళ్ళీ మీకెందుకు దుడ్లు?”

న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు రాకపోతే ఆ రోజు ఎంత తిరిగినా డబ్బా నిండదు, కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద (మనవాళ్ళంతా ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు) క్యాన్సర్ వైద్యం జరుగుతుంది, నిజమే. కానీ రేడియేషన్ చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు ఇస్తారు. మిషన్ కింద పడుకునేది కొన్ని నిమిషాలే అయినా రోజూ పోవాల్సిందే. మన అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క పల్లె నుంచి బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికో తిరుపతికో పోయినవాళ్ళు రోజూ వచ్చిపోలేరు కదా, నెల పైనే అక్కడ ఉండాలి, అదీ తోడు ఒక మనిషితో. గది బాడిగ, తిండి, ఆటో, ఇక్కడ పోయిన కూలి డబ్బులు, ఇవన్నీ చాలావరకు ఇంటివాళ్ళ నెత్తినే పడతాయి. చేతిలో డబ్బు అయిపోయి మధ్యలో తిరిగొచ్చేస్తే అంతవరకు చేయించుకున్న వైద్యం కూడా సరిగా పనిచేయదు. ఇంత చెప్తే చాలు, ఎదుటి మనిషికి అర్థమవుతుంది. అయితే మీ సంస్థ ఆ డబ్బు నిజంగా దేనికి ఖర్చు పెడుతుందో ముందురోజే అడిగి తెలుసుకోండి, మందులకా, బసకా, పరీక్షల క్యాంపులకా అని. తెలియనిది ఊహించి చెప్పకండి.

ఇక రసీదు పుస్తకం. పొద్దున పుస్తకం చేతికి తీసుకోగానే మొదటి రసీదు నంబరు ఎంతో రాసుకుని సంతకం పెట్టండి. కార్బన్ సరిగ్గా పడుతోందో లేదో ఒక్కసారి చూసుకోండి, హడావిడిలో తిరగేసి పెట్టేస్తుంటారు. పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పేరు పాన్ కార్డులో ఉన్నట్టే రాయాలి, పాన్ నంబరు, అడ్రసు కూడా కావాలి. 2,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ మినహాయింపు రాదు, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అది వర్తిస్తుంది. ఇవి ముందే చెప్పి పెద్ద మొత్తాలు చెక్కో ఫోన్‌పేనో చేయించండి. క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టాక మీ ఫోన్‌తోనే ఒక రూపాయి పంపి సంస్థ పేరే వస్తోందా అని చూడండి, మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి చూడండి, ఎందుకంటే పైన వేరే స్టిక్కర్ అంటించి పోయేవాళ్ళు ఉన్నారు.

డబ్బా ఎప్పుడూ ఒక్కరే విప్పకూడదు. నేను ఒక ఏడాది సాయంత్రం అందరూ అలసిపోయారని ఒక్కడినే కూర్చుని లెక్కపెట్టాను, రసీదులకూ నగదుకూ 500 తేడా వచ్చింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, నా జేబులోంచి వేసేశాను కూడా, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇద్దరు కూర్చోండి. ఐదువందలవి ఎన్ని, వందలవి ఎన్ని, చిల్లర ఎంత అని కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

ఎంత చిన్న మొత్తానికైనా రసీదు రాయండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ బయట ఒకసారి ఒక అవ్వ వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు తీసింది. నా పక్కన కూర్చున్న పిల్లోడు “పదికి రసీదెందుకులే అవ్వా” అన్నాడు. “మా ఆయప్పకు గొంతులో గడ్డ లేచినప్పుడు తిరుపతిలో ఎవురో అన్నాళ్ళూ అన్నం పెట్టినారప్పా, నాకు కాగితం ఇయ్యి” అంది. రాసిచ్చాను. ఆ రసీదును కూడా అలాగే నాలుగు మడతలు పెట్టి అదే కొంగులో ముడేసుకుని పోయింది.

ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారు, ఇంట్లో రోగి ఉన్నవాళ్ళు, తామే రోగులైనవాళ్ళు. కుర్చీ వేసి నీడలో కూర్చోబెట్టండి, చెప్పింది వినండి. ‘ఎన్నో స్టేజీ’ అని మీరు అడగకండి. ‘ఏం కాదులే’ అనకండి, ఆకుపసర్లు, యూట్యూబ్ వైద్యాలు అసలు చెప్పకండి. ఎవరైనా గడ్డ చూపించి అడిగితే పెద్దాసుపత్రికి వెళ్ళి చూపించుకోమనండి, పథకం వివరాలకు 104కి ఫోన్ చేయమనండి. సాయం కావాలంటే పేరు, ఫోన్ నంబరు రాసుకుని సంస్థవాళ్ళకు ఇవ్వండి, వస్తుందని మాత్రం మాట ఇవ్వకండి. కీమో నడుస్తున్నవాళ్ళకు చిన్న జలుబు కూడా ప్రమాదమే, కాబట్టి మీకు దగ్గో జ్వరమో ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. అడగకుండా ఎవరి ఫోటో తీయకండి, స్టేటస్‌లో అసలే పెట్టకండి.

మిగతావి చిన్న పనులే. పోలీసు పర్మిషన్ కాగితం కాపీ ఒకటి జేబులో ఉంచుకోండి. ఉదయం ఆరు లోపల మైకు వేయకండి. ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినం కాబట్టి చాలామంది ఆ చుట్టుపక్కలే వాక్ పెడతారు, అప్పటికే మన అనంతపురంలో తొమ్మిది దాటితే ఎండ ముదిరిపోతుంది. మంచినీళ్ళ క్యాన్లు, మజ్జిగ టవర్ క్లాక్ దగ్గర ఒకచోట, సప్తగిరి సర్కిల్ దగ్గర ఒకచోట పెట్టండి. ఉగ్గాని బజ్జీ నడక అయ్యాకే పంచండి. బడిపిల్లల చేతికి డబ్బా ఇచ్చి సిగ్నళ్ళ దగ్గరికి పంపొద్దు, సుభాష్ రోడ్డులో ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

వాక్ అయిన మర్నాడు బ్యాంకు తెరవగానే నగదు కట్టేయండి, ‘అందులోంచి టెంటువాడికి ఇద్దాం’ అనుకోకుండా మొత్తం కట్టండి, ఖర్చులకు వేరే చెక్కు రాసుకోవచ్చు. తప్పు రాసిన రసీదులను చింపి పారేయకుండా అడ్డంగా గీత గీసి పుస్తకంలోనే ఉంచండి. వాడని పుస్తకాలు లెక్కపెట్టి తిరిగి అప్పజెప్పి, అప్పజెప్పినట్టు ఒక సంతకం తీసుకుని ఇంటికి పొండి.