మాత్ర వేసుకుని అన్నం మానకండి: నియమం పట్టే వంటవారికి జాగ్రత్తలు

పోయిన నెలలో ఒక పెళ్లి వంటశాలలో, పదిహేనేళ్లుగా మా బృందంలో ఉన్న పిండివంటల మాస్టారు బూరెలు వేస్తూ కాగే నూనె పక్కనే కూలిపోయారు. అంతకు పది నిమిషాల ముందు ఆయన ఒక పూర్ణం ఉండను పిండిలో ముంచకుండానే బాణలిలోకి జారవిడిచారు. అది విచ్చుకుని నూనెంతా నల్లబడితే పక్కనున్న కుర్రాళ్లు నవ్వారే తప్ప, వేల బూరెలు వేసిన చేయి అలా తప్పిందంటే మనిషికి ఏదో అయిందని ఎవరికీ తోచలేదు. పడేటప్పుడు మోచేయి బాణలి అంచుకు తగిలి ముంజేయి కాలింది. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో షుగరు 48 మాత్రమే ఉంది. అప్పటికి తొమ్మిది రోజులుగా ఆయన అన్నం, పాలు, పెరుగు, ఉప్పు, నూనె మానేసి పచ్చి కూరముక్కలు, పండ్లు, మొలకలతో నియమం పట్టారు. తెల్లవారుజామున వేసుకునే షుగరు మాత్రను మాత్రం మానలేదు.

కార్తీక మాసం వస్తోంది. సోమవారాలు ఉపవాసం ఉండి చుక్కను చూశాక భోంచేసేవారు, ఈ నెలతోనే పాలూ పెరుగూ కూడా వదిలేసి వీగన్ కావాలనుకునేవారు, పచ్చి ఆహారానికి మారేవారు వంటవారిలోనూ చాలామంది ఉన్నారు. ఆ ఆహారం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ అనవసరం. నీళ్లు బాగా తాగండి, నిద్ర చాలినంత పొండి వంటివి మీకు తెలిసినవే. నేను చెప్పదలచినది ప్రధానంగా ఒక్క తప్పు గురించి.

మాత్రల సంగతి

ఆ తప్పు, మాత్ర వేసుకుని అన్నం మానేయడం. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి షుగరు మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడకుండా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మూడు పూటలా అన్నం తినే మనిషికని వైద్యుడు నిర్ణయించిన మోతాదు, కీరా ముక్కలతో పూట గడిపే మనిషికి ఎక్కువైపోతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్‌కూ ఇదే వర్తిస్తుంది. మెట్‌ఫార్మిన్ అనే మరో షుగరు మందు ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం తక్కువే గాని, దానితో గ్లిమెపిరైడ్ వంటివి కలిపిన మాత్రలు మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నాయి కాబట్టి అట్ట మీద పేరు చదవకుండా ధీమా పడవద్దు.

మిగతావారికంటే వంటవారికి ఇది ఎందుకు ఎక్కువ ప్రమాదమంటే, షుగరు పడిపోతున్నప్పుడు కనిపించే చెమట, వణుకు, నీరసం, చిరాకు అన్నీ పొయ్యి దగ్గర రోజూ ఉండేవే. ఆఫీసులో కూర్చున్న మనిషికి ఒక్కసారిగా చెమట పడితే పక్కవారు అడుగుతారు, గాడిపొయ్యి ముందు నిలబడిన మనిషిని ఎవరు అడుగుతారు? పైగా గరిటెడు సాంబారు, చెంచాడు కూర రుచి చూస్తూనే ఉన్నాను కదా అన్న భ్రమ ఒకటి ఉంటుంది. రుచి చూడడం భోజనం కాదు. పంచదార బస్తాకు చేరబడి నిలుచున్న మనిషి షుగరు తగ్గి పడిపోవడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి నియమం మొదలుపెట్టడానికి ముందే, ఏమేమి మానబోతున్నారో కాగితం మీద రాసుకుని వైద్యుడికి చూపించి మోతాదు మార్పించుకోవాలి. సొంతంగా మాత్ర ఆపేయడమూ తప్పే. పొయ్యి వెలిగించే ముందు ఒకసారి, పని మధ్యలో ఒకసారి గ్లూకోమీటరుతో చూసుకోవాలి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూసుకుని, ఆపైన ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

బి12, ఉప్పు

పాలు, పెరుగు కూడా మానేస్తే బి12 విటమిన్ అందే దారి దాదాపు మూసుకుపోతుంది. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు ఆదుకుంటుంది గనుక "ఏడాదైంది, నాకేమీ కాలేదు" అనే మాటకు విలువ లేదు. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే మరో విటమిన్ వల్ల రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఈ లోటు ఇంకా త్వరగా వస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కిన వంటవాడికి గిన్నె వేడి తెలియదు. పరీక్ష చేయించుకోండి, వైద్యుడు చెప్పిన బి12 మాత్ర వాడండి.

రోజంతా చెమటతో ఉప్పు పోగొట్టుకునేవారు, అందులోనూ మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వేసుకునేవారు, ఉప్పు పూర్తిగా మానేస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఇదీ వైద్యుడిని అడిగి చేయవలసిన పనే.

ఇక మిగిలినవి

సొరకాయ రసం తాగేవారు కోసిన ప్రతి కాయ ముక్కనూ నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయాలి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. కాకరకాయతో కలపవద్దు, ఏది చేదో తెలియదు.

మొలకలు ఉడికించి తినండి. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల వ్యాపించిన బ్యాక్టీరియాతో యాభై మందికి పైగా మరణించారు. వంటశాల వేడిలో తడిగుడ్డలో కట్టి ఉంచిన మొలకలు అంతకంటే భద్రమైనవేమీ కావు.

చేపలు కోసిన పీట మీద మీ పచ్చి ముక్కలు తరగవద్దు.

విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు వంటను ముట్టుకోవద్దు. ఆహార భద్రతా నిబంధనలూ అదే చెబుతున్నాయి.

ఉప్పు మానినవారు ఉప్పు చూడవద్దు. మూడు వారాలకు నాలుక మారిపోతుంది, మీకు సరిపోయిన పప్పు బంతిలో చప్పగా ఉంటుంది.

పాలకు బదులు జీడిపప్పు పాలు పోస్తే పెళ్లివారికి చెప్పండి. పడనివారు ఉంటారు.

గర్భిణులు ఈ ప్రయోగాలు చేయవద్దు.

నియమం పట్టిన సంగతి పక్క మనిషికి తప్పక చెప్పండి.

మొదటి పదిహేను రోజులు బాణలి దగ్గర నిలబడవద్దు. కూరలు తరగండి, వడ్డన చూసుకోండి.

మాత్ర వేసుకుని అన్నం మానకండి. ఉపవాసమైనా, వీగన్ అయినా, పండ్లరసాలైనా, మాత్ర వేసుకుని అన్నం మానకండి.

మేస్త్రీలకు ఒక మాట. మంచి చేయి ఉన్న మనిషి బూరె తప్పుగా వేస్తే నవ్వవద్దు. పొయ్యి కట్టేసి, ఆయనను పక్కకు తీసుకువెళ్లి కూర్చోబెట్టి, పంచదార నీళ్లు ఇవ్వండి.