గోడకు మీగడ రంగు వేయించేముందు

షేడ్ కార్డులో మీగడలా ఉన్న రంగు గోడెక్కాక పసుపుపచ్చగా తేలిందంటే తప్పు చాలాసార్లు రంగుది కాదు, గదిలో వెలుతురుది. లేత రంగులన్నిటిలో పసుపో, గులాబీయో, బూడిదో రవ్వంత కలిసే ఉంటుంది. కార్డును తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే అదేమిటో తెలిసిపోతుంది.

అందుకే ముందు లైట్లు ఖాయం చేసుకోండి. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు పెరుగుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 6500 కెల్విన్ తెల్ల ట్యూబ్‌లైటు కింద మీగడ రంగు పాలిపోతుంది. 3000 బల్బు కింద పసుపు చిక్కనవుతుంది. మధ్యలో 4000 ఈ రంగులకు బాగా నప్పుతుంది. పడమటి కిటికీ ఉన్న గదికి సాయంత్రపు ఎండే బోలెడు పసుపు తెస్తుంది కాబట్టి కాస్త బూడిద కలిసిన షేడ్ చాలు. ఉత్తరపు వెలుతురు గదికి పసుపో గులాబీయో కలిసినది తీసుకోండి.

తర్వాత నేల. తళతళలాడే తెల్ల టైల్స్ పక్కన మీగడ గోడ మాసినట్టు ఉంటుంది. ఐవరీ టైల్స్, ఎర్ర గచ్చు, టేకు తలుపులు ఉంటే ఇబ్బంది లేదు. చిన్న డబ్బా కొని, నేలకు దగ్గరగా ఒకచోట, తలుపు చట్రం పక్కన ఒకచోట, రెండడుగుల చదరంలో ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) మీద రెండు కోట్లు వేసి ఒకరోజు ఆగండి. పొద్దున, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైటు కింద చూడండి. ప్రైమర్ లేకుండా పాత నీలం మీదే వేస్తే తేలేది ఆ నీలమే.

10×12 గది, పదడుగుల ఎత్తు అనుకుంటే తలుపు, కిటికీ పోను గోడలు దాదాపు 400 చదరపుటడుగులు. లీటరు ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) రెండు కోట్లకు 60–70 చదరపుటడుగులు వస్తుంది. ఏడు లీటర్లు ఒకేసారి కొని, డబ్బాలన్నీ పెద్ద బకెట్లో పోసి కలిపించండి. తర్వాత తెచ్చిన డబ్బా షేడ్ వెంట్రుకవాసి తేడా వస్తుంది, లేత రంగులో అది పక్కాగా కనబడుతుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే నెల ఆరనివ్వాలి. చెమ్మ ఉన్న గోడకు ఏ రంగు వేసినా ఉప్పు పొంగి పొరలు లేస్తాయి, ముందు లీకు ఆపాలి. లప్పం రెండు కోట్లు ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, చీకటిలో ఫోను టార్చిని గోడకు ఆనించి పక్కవాటంగా వెలిగించండి. గీతలు, గుంతలు నీడలేసుకుని బయటపడతాయి. పెయింటర్ ఉండగానే ఈ పని చేయండి, డబ్బులిచ్చాక చూసి లాభం లేదు. తర్వాత ప్రైమర్, ఆపైన రెండు కోట్లు, మధ్యలో నాలుగు గంటల విరామం. నీళ్లు డబ్బా మీద రాసిన కొలతకు మించితే గోడ మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. మెరిసే ఫినిష్ లప్పం లోపాలన్నీ చూపెడుతుంది. హాలుకు మెరుపు లేని మ్యాట్, స్విచ్చుల దగ్గర, పిల్లల గదిలో కడగడానికి వీలైన రకం.

అలంకరణ తేలికే. సీలింగ్ తెలుపే ఉంచండి. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కరక్కాయ, పాలలో నానినది కాబట్టి దాని నేపథ్యమూ మీగడే. నేరుగా తగిలిస్తే గోడలో కలిసిపోతుంది, ముదురు చెక్క ఫ్రేము కట్టించండి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఈ గోడ ముందు బాగా తేలతాయి.

గడప పక్క గోడకు, పూజగది మూలకు మాత్రం అడుగున్నర ఎత్తు దాకా కడిగే రకం వేయించండి. పసుపు వేళ్లు, దీపం మసి మొదట తగిలేది అక్కడే. మిగిలిన అర లీటరు మూత బిగించి, షేడ్ నంబరు రాసి దాచండి.