ఆరు నెలలు నిండిన బిడ్డకు తొలి ముద్దలు: ఉగ్గు నుంచి ఇంటి అన్నం దాకా

ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే చాలు. విడిగా నీళ్లు కూడా పట్టనక్కర్లేదు. ఆ తర్వాత పాలొక్కటితో గడవదు. కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ ఈ వయసుకి దాదాపు అయిపోతుంది, పాలలో ఇనుము చాలా తక్కువ. 6 నుంచి 8 నెలల మధ్య పాలు పోగా రోజుకి సుమారు 200 కేలరీలు పైతిండి నుంచి రావాలి. 9–11 నెలల్లో 300, ఏడాది దాటాక 550. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆ పైన కూడా కొనసాగించవచ్చు. కాబట్టి తొలి ముద్దలతో పాలు మాన్పించే ఆలోచన పెట్టుకోకండి.

అన్నప్రాశన లెక్క వేరు. మగపిల్లలకు సరి నెల, ఆడపిల్లలకు బేసి నెల చూసే ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. అయితే ఆరో నెల నడుస్తోందంటే నిండినవి ఐదే, ఐదో నెల నడుస్తోందంటే నాలుగే. ముహూర్తం ముందే కుదిరితే పరమాన్నం నాలుకకి తాకించి వేడుక కానివ్వండి, రోజూ పెట్టడం మాత్రం ఆరు నిండాకే మొదలుపెట్టండి. పాపకి ఏడో నెలలో పెట్టుకుంటే ఆ గొడవే లేదు. ఏ నెలలో చేసినా తేనె చుక్క కూడా నాకించవద్దు. ఏడాదిలోపు పిల్లల్లో తేనె వల్ల బొటులిజం అనే, కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. దానికి కారణమైన సూక్ష్మజీవుల బీజాలు మామూలుగా కాచితే చావవు.

తేదీతో పాటు బిడ్డనీ చూడండి. ఆనించి కూర్చోబెడితే మెడ నిలబడాలి. చెంచా నోటికి తగిలితే నాలుకతో బయటికి నెట్టేయడం తగ్గాలి. మీ కంచం వైపు చేయి చాపాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల డాక్టరునే అడగండి.

పలచన చేయడమే అసలు తప్పు

మన ఇళ్లలో తొలి తిండి అనగానే పప్పు కట్టు, చారు నీళ్లు, పలచటి జావ. “పసిబిడ్డకి అరగదు” అని అమ్మమ్మో నానమ్మో ఇంకో గ్లాసు నీళ్లు కలుపుతారు. ఈ వయసు పొట్ట ఒక పూటకి పట్టేది కిలో బరువుకి 30 మిల్లీలీటర్ల చొప్పున, ఏడు కిలోల బిడ్డకి 200 మి.లీ. పైచిలుకు మాత్రమే. దాన్ని కట్టుతో నింపితే పొట్ట నిండుతుంది, బలం చేరదు. పప్పులోని సత్తువంతా గిన్నె అడుగునే ఉండిపోతుంది. బిడ్డ బాగానే తింటోందంటారు, బరువు మాత్రం పెరగదు.

చెంచాని వంచినప్పుడు జావలా కారిపోకుండా మెల్లగా జారాలి. అదే కొలత. ముద్ద మెత్తగా ఉండాలి, పలచగా ఉండకూడదు.

ఉగ్గు పొడి ఇలా చేసుకోండి. ఒక కప్పు బియ్యానికి మూడో వంతు కప్పు పెసరపప్పు, అర చిన్న చెంచా జీలకర్ర. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే మాంసకృత్తి భాగం పప్పు నుంచి వస్తుంది. అందుకే ఈ జోడీ. బియ్యం, పప్పు విడివిడిగా కడిగి, నీడన పలచగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే నాలుగు రోజుల్లో పొడి ముక్క వాసన వస్తుంది. సన్న సెగ మీద విడివిడిగానే వేయించండి: బియ్యం తెల్లబడి కాస్త పొంగేదాకా, పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా. రెండూ కలిపి వేయిస్తే బియ్యం వేగేలోపు పప్పు మాడుతుంది. చల్లారాక సన్న రవ్వగా పట్టి, జల్లించి, పొడి గాజు సీసాలో పెట్టండి. రెండు మూడు వారాలకి సరిపడా చేసుకుంటే చాలు.

వండేటప్పుడు రెండు పెద్ద చెంచాల పొడిని (సుమారు 25 గ్రాములు) ముందు పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మొత్తం నీళ్లు 200 మి.లీ. అయ్యేలా మిగతావి పోసి, కలుపుతూ సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కాబట్టి కాస్త జారుగా ఉండగానే దించండి. పైన ఒక చిన్న చెంచా నెయ్యి. పొడి నుంచి 90, నెయ్యి నుంచి 45, మొత్తం 135 కేలరీలు ఆ చిన్న గిన్నెలోకి వచ్చాయి. మొదటి వారంలో బిడ్డ ఇందులో తినేది రెండు మూడు చెంచాలే, అందుకని పావు కొలతతో మొదలుపెట్టండి.

చిక్కగా చేస్తే మింగలేకపోతోందా? నీళ్లు పోయకుండా పలచన చేసే దారి ఒకటుంది, మొలక రాగి పిండి. రాగులు పది పన్నెండు గంటలు నానబెట్టి, వడకట్టి, తడి బట్టలో మూట కట్టండి. మరో ఇరవై నాలుగు గంటలకి తెల్లటి మొలక కనిపిస్తుంది. ఎండబెట్టి, అరచేతులతో నలిపి మొలకలు రాల్చి, చెరిగి, పిండి పట్టించండి. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని కోసే అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. దించిన చిక్కటి ఉగ్గు కాస్త వేడి తగ్గాక ఈ పిండి ఒక చిన్న చెంచా కలిపి ఐదు నిమిషాలు తిప్పండి, ముద్ద కళ్ల ముందే జారుగా మారుతుంది. తర్వాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి దించండి, పచ్చి పిండి పచ్చిగా లోపలికి వెళ్లకూడదు. మరుగుతున్న ఉగ్గులో ముందే వేస్తే, లేదా పిండిని ముందుగా బాగా వేయించేస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఉగ్గు పలచబడదు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, బియ్యంలో పదో వంతు కూడా ఉండదు. అది అదనపు లాభం.

ఇరవై ముప్పై దినుసులతో, బాదం, జీడిపప్పు, నువ్వులు అన్నీ కలిపిన పొడులు ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. మొదటి నెలలో వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు. ఒంటి మీద దద్దుర్లు వస్తే దేని వల్లో తెలుసుకునే దారి ఉండదు. పైగా గింజల నూనె వల్ల పొడి త్వరగా మక్కిపోతుంది.

మొదటి నెల

మొదటి మూడు రోజులు ఉగ్గు, ఉదయం పది పదకొండు మధ్య, రెండు మూడు చిన్న చెంచాలు. ఏదైనా తేడా చేస్తే పగలే తెలుస్తుంది. పాలు పట్టిన వెంటనే కాకుండా గంట గడిచాక పెట్టండి: మరీ ఆకలి మీద ఉంటే ఏడుస్తుంది, కడుపు నిండి ఉంటే నోరు తెరవదు. నాలుగో రోజు నుంచి అందులోనే మెత్తగా ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, తర్వాత క్యారెట్, చిలగడదుంప, సొరకాయ. రెండో వారం రోజుకి రెండు పూటలు, ఒక పూట మెత్తటి పెసరపప్పు అన్నం, నెయ్యి. అరటిపండు, బొప్పాయి మెదిపి పెట్టవచ్చు.

మూడో వారంలో గుడ్డు తీసుకురండి. పూర్తిగా ఉడికించి, పచ్చసొన పావు ముక్కతో మొదలు. రెండు మూడు రోజులు చూసి తెల్లసొన కూడా. వేరుశనగ కూడా ఇప్పుడే: వేయించి పొట్టు తీసి, మెత్తగా పొడి చేసి, ఉగ్గులో అర చిన్న చెంచా కలపండి. ఇవి ఏడాది దాటాకే అన్నది పాత మాట. 2015లో వెలువడిన లీప్ అనే అధ్యయనంలో, అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకి వేరుశనగని తొలి ఏడాదిలోనే పరిచయం చేస్తే దాని అలర్జీ బాగా తగ్గింది. ఒంటి నిండా తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరుని అడగండి. అలర్జీ తెచ్చే అవకాశమున్న గుడ్డు, వేరుశనగ, గోధుమ, చేప లాంటివాటిని ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు మూడు రోజులు ఆగి ఇవ్వండి. పెదవులు, మొహం వాచినా, ఆగకుండా వాంతులైనా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

మాంసాహారం తినే ఇంట్లో కోడి కాలేయం, మెత్తగా ఉడికిన చికెన్, ముళ్లు తీసిన చేప నాలుగో వారానికే వచ్చేయవచ్చు. ఇనుము బాగా ఒంటబట్టేది వీటి నుంచే. కాలేయంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి, ఒకటి రెండు చిన్న చెంచాలు చాలు. శాకాహారులు పప్పు, ఆకుకూర, రాగి ముద్దల మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, సి విటమిన్ తోడైతే అందులోని ఇనుము బాగా అందుతుంది. ఏం పెట్టినా ప్రభుత్వం ఇచ్చే ఇనుము సిరప్ మానవద్దు: ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు 1 మి.లీ., ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని ఒక పూట తిండిగా వాడుకోండి, మళ్లీ పంచదార వేయకండి, ముందే కలిపి ఉంటుంది.

ఇంటి వంటలోంచి తీయడం

ఎనిమిది నెలల తర్వాత బిడ్డకి ప్రత్యేకంగా వండటం మానేయవచ్చు. పప్పు కుక్కరులోంచి దించాక ఉప్పు, కారం, చింతపండు, తాలింపు పడకముందే రెండు గరిటెలు పక్కకి తీయండి. కూరకి కూడా అంతే: ముక్కలు మగ్గాక, కారం వేయకముందు. ఏడాదిలోపు ఉప్పు వేయనక్కర్లేదు, పంచదార, బెల్లం రెండేళ్ల దాకా వద్దు. చప్పగా ఉందన్నది మన నాలుక మాట, బిడ్డకి ఇంకా ఆ రుచి తెలియదు.

ఇదే వయసులో మిక్సీ వాడకం తగ్గించాలి. తొమ్మిదో నెల దాటినా అంతా మెత్తగా రుబ్బి పెడితే, తర్వాత చిన్న పలుకు తగిలినా వాంతి చేసుకునే అలవాటు పడుతుంది. ముందు చేత్తో మెదిపి, తర్వాత మెతుకు మెతుకుగా, పది నెలలకి పట్టుకు తినే మెత్తటి క్యారెట్ ముక్క, ఇడ్లీ ముక్క, దోశ మధ్య భాగం. 9–11 నెలల్లో మూడు నాలుగు పూటలు, ఒక్కో పూటకి 250 మి.లీ. గిన్నెలో సగం. ఒక రోజు ఇలా ఉండవచ్చు: ఉదయం రాగి ముద్ద, మధ్యాహ్నం పప్పు, బీరకాయ, నెయ్యితో అన్నం, సాయంత్రం అరటిపండు లేదా గుడ్డు, రాత్రి పెరుగన్నం. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె. ఆవు, గేదె పాలు తాగడానికి ఏడాది నిండాకే ఇవ్వండి. పెరుగు ముందే పెట్టవచ్చు.

గొంతులో అడ్డుపడేవి గుర్తుంచుకోండి: గింజలుగా వేరుశనగ, శనగలు, ద్రాక్ష పూర్తి పండు, పచ్చి క్యారెట్, మురుకులు, పాప్‌కార్న్, చింతగింజలు. ద్రాక్షని నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. పడుకోబెట్టి గానీ, ఏడుస్తుండగా గానీ పెట్టవద్దు. ముద్ద గొంతుకి అడ్డం తగిలి బిడ్డ ఓకరిస్తూ దగ్గుతుంటే అది తన రక్షణ, వేలు పెట్టి లాగకండి. చప్పుడు ఆగి, మొహం నీలిబడితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద ఐదుసార్లు చరచండి, అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి. ఈలోగా ఎవరైనా 108కి ఫోను చేయాలి.

తినకపోతే

మొహం తిప్పేసినా, పెదవులు బిగించినా ఆ పూటకి చాలు. కొత్త రుచి నాలుకకి నచ్చడానికి పది పదిహేను సార్లు కూడా పడుతుంది, ఒకసారి ఉమ్మేసిందని గుమ్మడికాయ మానేయకండి. అరగంట దాటి వెంటపడటం, ఫోను చూపిస్తూ నోట్లో కుక్కడం వల్ల ఆకలి తెలుసుకునే అలవాటే పోతుంది. పాలలో నానబెట్టిన బిస్కెట్లు, పళ్లరసాలు, టీ కూడా ఆకలి చంపేవే.

మలబద్ధకం వస్తే అన్నం, అరటిపండు తగ్గించి బొప్పాయి, సొరకాయ, కాచి చల్లార్చిన నీళ్లు పెంచండి. నీళ్లు ఉగ్గు గిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టండి. పాలసీసా సరిగా కడగడం కష్టం, దాని వల్ల విరేచనాలు పట్టుకోవచ్చు. వండింది బయట రెండు గంటలకి మించి ఉంచవద్దు, ఎంగిలైన గిన్నెలో మిగిలినది మళ్లీ పెట్టవద్దు.

విరేచనాలు పట్టుకుంటే తిండి ఆపకండి. ఓఆర్‌ఎస్, తల్లిపాలు, పెరుగన్నం సాగాలి, జింక్ మాత్ర 20 మి.గ్రా. రోజుకొకటి చొప్పున పద్నాలుగు రోజులు వేయాలి. జ్వరంలో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక పూట ఎక్కువ పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది. నెలకోసారి తూకం చూసి తల్లీబిడ్డల కార్డులోని గీత మీద గుర్తు పెట్టించండి. గీత వరసగా రెండు నెలలు పైకి పోకపోతే డాక్టరుకి చూపించండి.