ఓఎస్ ఎక్కించాక డ్రైవ్ లెటర్లు తారుమారైతే

కొత్తగా విండోస్ ఎక్కించాక వచ్చే ఫిర్యాదులు ఏళ్లుగా ఇవే. డీ డ్రైవ్ మాయమైంది, ఈ (E) కాస్తా ఎఫ్ (F) అయింది, ఎప్పుడూ లేని ఓ చిన్న డ్రైవ్ వచ్చి కూర్చుంది. ఎవరడిగినా నా ఎదురు ప్రశ్న ఒకటే: డిస్క్ మేనేజ్‌మెంట్ (డిస్కులన్నిటినీ చూపే విండోస్ సొంత టూల్) తెరిచి చూశారా? చూడరు. దిస్ పీసీలో కనిపించలేదు కాబట్టి డేటా పోయిందనుకుని టెన్షన్ పడిపోతారు, రికవరీ సాఫ్ట్‌వేర్లు దించేస్తారు. కొందరైతే కంగారులో మళ్లీ ఫార్మాట్ కూడా కొట్టేస్తారు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ అక్కడే ఉంటుంది. అది చూడకుండా ఇంకేదీ ముట్టుకోవద్దు.

లెటర్ అనేది డిస్క్‌లో రాసి ఉండదు. ప్రతి విండోస్ తన రిజిస్ట్రీలో (సెట్టింగులు దాచుకునే చిట్టాలో) తన లెక్క తాను రాసుకుంటుంది. పాత విండోస్ డీ అని పిలిచినదాన్ని కొత్తది ఈ అని పిలవచ్చు, అసలు ఏ పేరూ పెట్టకపోవచ్చు. లోపలి ఫైళ్లకు దీంతో సంబంధం లేదు.

డ్రైవ్ కనిపించడం లేదు

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) నీలం బార్‌తో, సైజు సరిగ్గా, లెటర్ లేకుండా ఉంటే పండగే. రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్‌లో లెటర్ ఇవ్వండి, అయిపోయింది. డిస్క్ పక్కన ఆఫ్‌లైన్ అని ఉంటే ఆన్‌లైన్ చేయండి. నల్ల బార్‌తో అన్‌అలకేటెడ్ (ఎవరికీ కేటాయించని చోటు) అని గానీ, రా (RAW, విండోస్‌కు అర్థం కాని పార్టిషన్) అని గానీ చూపిస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. ఇనిషియలైజ్ చేయమన్నా, ఫార్మాట్ చేయమన్నా ఒప్పుకోవద్దు, అది లెటర్ సమస్య కాదు. ఇక విండోస్ పక్కన లినక్స్ అనే మరో ఓఎస్ ఉన్నవాళ్ల విషయం వేరే. ఆ పార్టిషన్‌కు విండోస్‌లో లెటర్ ఉండకపోవడమే క్షేమం.

లెటర్లు మారిపోయి షార్ట్‌కట్లు, గేములు తెరుచుకోవడం లేదు

అదే మెనూలో పాత లెటర్లు తిరిగి ఇవ్వండి. డీని, ఈని ఒకదానితో ఒకటి మార్చాలంటే ముందు ఒకదాన్ని జెడ్‌కు పంపాలి. లేకపోతే ఆ లెటర్ జాబితాలోనే కనిపించదు.

సిస్టమ్ రిజర్వ్‌డ్ అని చిన్న డ్రైవ్ వచ్చింది

దాని లెటర్ తీసేయండి. పార్టిషన్ మాత్రం డిలీట్ చేయకండి, కంప్యూటర్ మొదలవడానికి కావలసిన బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే.

అంతా బాగానే ఉంది, కానీ పాత డిస్క్ తీస్తే పని చేయదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. పాత హార్డ్ డిస్క్‌లోని విండోస్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) క్లోన్ చేశాను, అంటే ఉన్నదున్నట్టు కాపీ. రీస్టార్ట్ చేశాను, డెస్క్‌టాప్ వచ్చింది, వాల్‌పేపర్‌తో సహా అంతా అలాగే ఉంది. వేగం మాత్రం పెద్దగా పెరిగినట్టు అనిపించలేదు. కొత్త కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. వారం తర్వాత పాత డిస్క్ ఊడదీశాను. లాగిన్ దాకా వచ్చి నల్ల తెర మీద ఆగిపోయింది. కేబుల్ అనుకున్నాను, ఎస్‌ఎస్‌డీ పోయిందనుకున్నాను. పాతది తిరిగి తగిలిస్తే మళ్లీ మామూలే.

అప్పుడు గానీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కింది సగం వైపు నా కళ్లు పోలేదు. ఎస్‌ఎస్‌డీ 250 జీబీది, అంటే విండోస్ లెక్కలో 232. సీ అని రాసి ఉన్న పెట్టె ఉన్నది మాత్రం 931 జీబీ డిస్క్ వరుసలో, అంటే పాత 1 టీబీ డిస్క్‌లో. కొత్త ఎస్‌ఎస్‌డీ ఎఫ్ అనే పేరుతో మూల కూర్చుంది. కంప్యూటర్ బూట్ అయ్యేది ఎస్‌ఎస్‌డీ నుంచే, కానీ సీ అని అడిగిన ప్రతి ఫైలూ పాత డిస్క్ నుంచి వస్తోంది. వారం రోజులు రెండు పడవల మీద ప్రయాణమన్నమాట.

కారణం ఇది. రిజిస్ట్రీలో మౌంటెడ్ డివైసెస్ అనే కీ ఉంది. సీ అంటే ఏ పార్టిషనో విండోస్ అక్కడ గుర్తు పెట్టుకుంటుంది. డిస్క్‌ను పార్టిషన్లుగా పంచే పద్ధతులు రెండు. పాతదైన ఎంబీఆర్ అయితే డిస్క్ సిగ్నేచర్ (డిస్క్‌కు ఉండే గుర్తింపు సంఖ్య), పార్టిషన్ మొదలయ్యే చోటు. కొత్తదైన జీపీటీ అయితే పార్టిషన్ ఐడీ. క్లోన్ చేస్తే ఈ కీ కూడా ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది, అందులో సీ అంటే పాత డిస్కే. ఆ లెక్కను మంచి క్లోన్ సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది, కొన్ని చేయవు. మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించి ఉంటే సీ అనే పేరు దానికే పోతుంది.

మీది ఇదే అవునో కాదో తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ ఏ డిస్క్ వరుసలో ఉందో చూడండి. ఎడమవైపు డిస్క్ 0, డిస్క్ 1 అని ఉన్న పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే మోడల్ పేరు కూడా వస్తుంది. ఇంకా అనుమానముంటే డెస్క్‌టాప్ మీద ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి, ఎస్‌ఎస్‌డీకి వచ్చిన లెటర్‌లోని (నాకైతే ఎఫ్) యూజర్స్ ఫోల్డర్‌లో వెతకండి. అక్కడ లేదంటే రాత పాత డిస్క్‌లోనే పడుతోంది.

సరిచేయడానికి ముందు అవసరమైన ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ రక్షణ) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోండి. రెజ్‌ఎడిట్‌లో (రిజిస్ట్రీని మార్చే టూల్) హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్ దాటి మౌంటెడ్ డివైసెస్‌కు వెళ్లి, ఆ కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేయండి. డాస్ డివైసెస్ అని మొదలై సీతో ముగిసే వరుసకు, ఖాళీగా ఉన్న వై లాంటి లెటర్‌తో పేరు మార్చండి. తర్వాత ఎస్‌ఎస్‌డీ లెటర్ (నాకైతే ఎఫ్) వరుసకు సీ అని పేరు మార్చండి. షట్ డౌన్ చేసి, పాత డిస్క్ తీసేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో ఆన్ చేయండి. డెస్క్‌టాప్ దాకా కూడా రాని మెషీన్ అయితే ఇన్‌స్టాల్ చేసే యూఎస్‌బీ నుంచి బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి, అక్కడి రెజ్‌ఎడిట్‌లో ఎస్‌ఎస్‌డీలోని సిస్టమ్ హైవ్ (రిజిస్ట్రీలో ఆ భాగం ఉండే ఫైల్) లోడ్ చేసి ఇదే పని చేయాలి.

ఒక మాట. ఆ మధ్యలో మీరు సేవ్ చేసినవన్నీ పాత డిస్క్‌లోనే ఉంటాయి. వాటిని తెచ్చుకునేదాకా ఫార్మాట్ జోలికి వెళ్లకండి.

అసలు ఈ గొడవ రాకూడదంటే, క్లోన్ పూర్తవగానే రీస్టార్ట్ కాదు, షట్ డౌన్. పాత డిస్క్ కేబుల్ పీకండి. కొత్తది ఒక్కటీ ఒకసారి పూర్తిగా బూట్ అయ్యాకే పాతది తగిలించండి. అప్పుడు పాతది ఆఫ్‌లైన్ అని చూపించవచ్చు, రెంటికీ ఒకే సిగ్నేచర్ ఉంటే అలా జరుగుతుంది. ఆన్‌లైన్ చేస్తే దాని సిగ్నేచర్ మారుతుంది, ఆ తర్వాత దాన్నుంచి మళ్లీ బూట్ కాకపోవచ్చు.

మిగతావి

పాత విండోస్ లోపలి నుంచే సెటప్ నడిపితే కొత్త విండోస్ డీలోనో ఈలోనో పడవచ్చు. రిజిస్ట్రీలో గెలకడం కంటే యూఎస్‌బీ నుంచి బూట్ చేసి మళ్లీ ఎక్కించడమే నయం. పెన్‌డ్రైవ్ కనిపించకపోతే నెట్‌వర్క్ డ్రైవ్ అదే లెటర్ పట్టుకుని ఉందేమో చూడండి. డ్రైవ్‌ను దాచేసే పాలసీ, పాడైన డ్రైవర్ లాంటివి ఉంటాయి గానీ, ఇంట్లో వాడే మెషీన్‌లో నేను వాటి దాకా వెళ్లిన సందర్భాలు బహు తక్కువ.

రికవరీలోని కమాండ్ ప్రాంప్ట్‌లో లెటర్లు మళ్లీ వేరేగా ఉంటాయి. ఎక్స్ అంటే ర్యామ్‌లో నడిచే తాత్కాలిక డ్రైవ్, మీ విండోస్ డీ కావచ్చు, ఈ కావచ్చు. అక్కడ ఏ కమాండ్ కొట్టే ముందైనా డిర్ (ఫోల్డర్ల జాబితా చూపే కమాండ్) కొట్టి, విండోస్, యూజర్స్ ఫోల్డర్లు రెండూ ఏ లెటర్‌లో కనిపిస్తున్నాయో చూసుకోండి.