నైట్రోజన్ తీసే హైడ్రోట్రీటర్‌లో పక్క చర్యలను అదుపు చేయడం ఎలా?

హైడ్రోట్రీటర్ అంటే రిఫైనరీలో క్యాటలిస్ట్ మీద హైడ్రోజన్‌తో డీజిల్‌లోని నైట్రోజన్, గంధకం తీసేసే యూనిట్. దాన్నుంచి వచ్చే డీజిల్‌లో నైట్రోజన్ పెరిగిందని ల్యాబ్ రిపోర్ట్ రాగానే హీటర్ పెంచేయడం చాలామందికి అలవాటు. తొందరపడకండి. క్వినోలిన్, కార్బజోల్ లాంటి నైట్రోజన్ ఉన్న అణువుల్లో ముందు పరమాణువుల వలయం హైడ్రోజన్‌తో నిండాలి, ఆ తర్వాతే కార్బన్-నైట్రోజన్ బంధం తెగి అమోనియా వస్తుంది. వలయం నిండే చర్య వేడిని విడుదల చేసేది. అందుకే ఉష్ణోగ్రత మితిమీరితే సమతాస్థితి వెనక్కి మళ్లుతుంది. నైట్రోజన్ అనుకున్నంత తగ్గదు, క్రాకింగ్ (అణువులు ముక్కలవడం), కోక్ (క్యాటలిస్ట్ మీద పేరుకునే కార్బన్) మాత్రం పెరుగుతాయి. రన్ చివర్లో, అంటే క్యాటలిస్ట్ మార్చే ముందు రోజుల్లో, డీజిల్ రంగు ఆకుపచ్చ మెరుపుతో చెడిపోయేది కూడా ఈ అధిక వేడివల్లే.

ముందుగా హైడ్రోజన్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో హైడ్రోజన్ వాటా) చూడండి. రియాక్టర్‌కు తిరిగి పంపే రీసైకిల్ గ్యాస్‌లో మీథేన్, ఈథేన్ పేరుకుని ఉంటే పర్జ్ (ఆ గ్యాస్‌లో కొంత బయటికి వదలడం) పెంచండి. తర్వాత ఫీడ్‌లో, అంటే యూనిట్‌లోకి వెళ్లే నూనెలో, కోకర్ గ్యాసాయిల్ (కోకర్ యూనిట్ నుంచి వచ్చేది), ఎల్‌సీఓ (క్యాటలిటిక్ క్రాకర్ నుంచి వచ్చే లైట్ సైకిల్ ఆయిల్) వాటా ఎంతో కనుక్కోండి, నైట్రోజన్ ఎక్కువగా వచ్చేది వాటినుంచే. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే ఉష్ణోగ్రత ముట్టుకోండి. అదీ 1-2 డిగ్రీల చొప్పున, క్యాటలిస్ట్ బెడ్లు స్థిరపడేదాకా ఆగి. ఫీడ్ తగ్గించాల్సి వస్తే ముందు వేడి తగ్గించాలి, ఆ తర్వాతే ఫీడ్. ఈ వరుస తప్పకూడదు.

కొత్త నికెల్-మాలిబ్డినం క్యాటలిస్ట్‌కు డైమిథైల్ డైసల్ఫైడ్ (డీఎండీఎస్)తో సల్ఫైడింగ్, అంటే దానిలోని లోహ ఆక్సైడ్లను సల్ఫైడ్లుగా మార్చడం, చేసేటప్పుడు, రీసైకిల్ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ కనబడేదాకా సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దాటకండి. గంధకం అందకముందే వేడి హైడ్రోజన్ తగిలితే ఆక్సైడ్లు క్షయకరణం చెందుతాయి, ఆపై వాటిని సల్ఫైడ్‌గా మార్చడం చాలా కష్టం.

అసలు నష్టం రియాక్టర్ దాటాక జరుగుతుంది. వచ్చిన అమోనియా క్లోరైడ్‌తో కలిస్తే అమ్మోనియం క్లోరైడ్ ఎక్స్‌ఛేంజర్ ట్యూబుల్లో ఘనంగా పేరుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిస్తే అమ్మోనియం బైసల్ఫైడ్ ఇంకా చల్లటి చోట, ఎయిర్ కూలర్లో పడుతుంది. ప్రెషర్ డ్రాప్ (గ్యాస్ దాటేటప్పుడు తగ్గే పీడనం) నెమ్మదిగా పెరుగుతోందంటే ఈ అమ్మోనియం ఉప్పును అనుమానించండి. దీనికి మందు వాష్ వాటర్, అంటే ఉప్పును కడగడానికి లోపలికి ఇంజెక్ట్ చేసే నీరు. అయితే ఇంజెక్ట్ చేసిన నీటిలో కనీసం 20-25 శాతం ఆవిరి కాకుండా ద్రవంగా మిగలాలి. చాలీచాలని నీళ్లు పోయడం అసలు పోయకపోవడంకన్నా ప్రమాదం: ఉప్పు తడిసి చిక్కటి ద్రావణమై కార్బన్ స్టీల్‌ను తినేస్తుంది. సెపరేటర్‌లో విడిపోయే సోర్ వాటర్‌లో (అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ కరిగిన నీరు) బైసల్ఫైడ్ 8 శాతం బరువు దాటకుండా చూడండి. వాష్ వాటర్‌లో కరిగిన ఆక్సిజన్‌నూ కొలవండి, అది ఎక్కువైతే తుప్పుతోపాటు మూలక గంధకం కూడా పేరుకుంటుంది.