పాత ఇంటి తలుపులకి ఇత్తడి సామాను కొనేముందు

షాపుకి వెళ్ళేముందు పాత గొళ్లెం, గడియ, బందు ఒక్కోటి ఊడదీసి సంచిలో వేసుకోండి, ఫోటో చూపిస్తే సైజు కుదరదు. స్క్రూ బొక్కల మధ్య దూరం, తలుపు మందం కొలిచి రాసుకోండి.

జేబులో మాగ్నెట్ ఉండాలి, అతుక్కుందంటే లోపల ఇనుమే, పైన పూత. అతుక్కోకపోయినా నమ్మెయ్యకండి, జింక్ కరిగించి అచ్చులో పోసిన సామానుకి కూడా మాగ్నెట్ అంటదు, అందుకే వెనకవైపు కాస్త గీకి చూడండి, తెల్లగా కనిపిస్తే ఇత్తడి కాదు, గీకనివ్వని షాపులో నేనైతే కొనను.

గడియ అక్కడే నాలుగుసార్లు లాగి చూడండి.

స్క్రూలు కూడా ఇత్తడివే అడగండి, పాత టేకులో నేరుగా తిప్పితే తల తెగిపోద్ది, ముందు బొక్క వేసి అదే సైజు స్టీల్ స్క్రూ ఒకసారి తిప్పి తీసి తర్వాత ఇత్తడిది బిగించమని వడ్రంగికి చెప్పండి.

పాతవి మాత్రం తూకానికి అమ్మెయ్యకండి.