సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళేముందు జాగ్రత్తలు

అపాయింట్‌మెంట్‌కు ఫోన్ చేసినప్పుడే మొదటి ఫీజు ఎంతో, రివ్యూకి ఎన్ని రోజుల్లోపు రావాలో అడగండి. డాక్టరు డిగ్రీ చూసుకోండి: సైకియాట్రీలో ఎండీ, డీఎన్‌బీ, లేదా డీపీఎం. సైకాలజిస్టు కౌన్సెలింగ్ చేస్తారు, మందులు రాయరు.

ఎక్కువగా తేడా వచ్చేది మందుల దగ్గరే. "రాత్రిపూట ఒక చిన్న తెల్ల మాత్ర" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. స్ట్రిప్పులే సంచిలో వేసుకెళ్ళండి, ఖాళీవైనా సరే, పేరూ మిల్లీగ్రాములూ కనబడితే చాలు. బీపీ, థైరాయిడ్ మాత్రలు, నాటుమందులు కూడా చూపించాలి. పాత మందులు సొంతంగా ఆపేసి మాత్రం వెళ్ళొద్దు. లిథియం (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) వాడేవారు, రక్తంలో అది ఎంతుందో చూసే లెవెల్ పరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర మింగి వెళ్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది.

ఒక కాగితం మీద రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఆకలి, బరువు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, గర్భం ఉందా. తాగుడు లెక్క తగ్గించి చెప్పకండి. నిద్రమాత్రలతో మద్యం కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది.

తోడు ఒక్కరు చాలు. వాళ్ళు చూసింది చెప్పాక, కాసేపు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి, మొహమాటం వద్దు. మీ వివరాల గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు. వెంటనే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.